ఆయన వెతికిన నలుపు

మా ఎదురింటి అన్నయ్యగారు పోయిన నెలలో నిద్రలోనే కన్నుమూశారు. తెల్లవారుతుండగా ఆయన భార్య మా గుమ్మంలోకి వచ్చి, "ఎంత లేపినా లేస్తలేరు వదినా" అంది. ఇంకేమీ అడక్కుండా ఆమె వెంట నడిచాను.

ఆయనకు ఫొటోలంటే ప్రాణం, అవీ నలుపు తెలుపువే. మధ్యాహ్నాలు వాకిట్లో కుర్చీ వేసుకుని మబ్బులు చూసేవారు. "నలుపు ఒక్కటే అనుకుంటరు గని చెల్లే, వాన వడ్డ తారు రోడ్డుది ఒక నలుపు, కాలిన పెనానిది ఇంకో నలుపు" అనేవారు. వింటూ చేతిలో పని మరిచిపోయేదాన్ని. నాకది అలవాటు లేని సంగతి. ఇప్పుడు మబ్బు పడితే నేనూ తల ఎత్తుతున్నాను. అది ఆయన పెట్టిన భిక్షే.

ఆయన భార్యను నేనూ వదిననే పిలుస్తాను. ఆమెది నిగనిగలాడే నలుపు. పెళ్లి ఫొటోలో స్టూడియోవాళ్లు ఆమె ముఖాన్ని దిద్ది దిద్ది పాలలా తెల్లగా చేశారు. అప్పటినుంచి తన ఫొటో ఎవరు చేతికిచ్చినా బోర్లించి పెట్టేది. ఆమెను ఉన్నది ఉన్నట్టు కాగితం మీదికి తెచ్చి, ఒక్కసారి కళ్లారా చూసుకునేలా చేయాలని ఆయన పట్టుదల.

అందుకే కిందటేడు వానల్లో ప్రింటర్ కొనడానికి బయలుదేరారు. ఇంకు ఖర్చు లెక్క చూడమని నన్నూ తోడు రమ్మన్నారు. మోండా మార్కెట్‌లో కొత్తిమీర ఏరుతున్న వదిన ఫొటో పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాం. షాపతను చవక ప్రింటర్ మీద తీసి ఇస్తే, అన్నయ్యగారు దాన్ని బయట వెలుతురులోకి తీసుకెళ్లి చూశారు.

"పచ్చగుంది, పాకురు వట్టినట్టు."

అందులో నలుపుకు ఒక్క ఇంకే ఉంది, బూడిదరంగువి విడిగా లేవు. ఆ రంగు కావలసినచోట ఎరుపు, నీలం లాంటి మిగతా ఇంకులు కలుపుతుందట. బూడిద ఇంకులు విడిగా ఉన్న ప్రింటర్ చూపమన్నారు. షాపతను దాని మీద తీసి, "అమ్మ ఫేస్ జెర బ్రైట్ చేసిన సార్, మంచిగ కనిపిస్తరు" అన్నాడు.

"గామె ఎవరో నాకు తెల్వది బిడ్డా. నా పెండ్లాం ముఖం నాకియ్యి."

అతను నవ్వి, చేసిన మార్పు తీసేసి మళ్లీ వేశాడు. ఈసారి ఆయన దాన్ని మళ్లీ వెలుతురుకు పట్టి చూసి తల ఊపారు. ధర విని నేను మొహం చిట్లిస్తే, "తర్వాత కోప్పడు చెల్లే" అని అదే కొన్నారు.

"నేను నల్లగుంటనని ఊరంత చాటింపేస్తవా?" అని, ఇంటికొచ్చి ఆ ఫొటో చేతికిస్తే దెప్పింది వదిన.

"వేస్త. కాగితం దండిగుంది."

ఆమె ఆ ఫొటోనూ బోర్లించింది. ఆయన దాన్ని తిప్పలేదు. ఎవరినీ తొందరపెట్టడం ఆయనకు చేతకాదు.

చుట్టాలంతా వెళ్లిపోయాక, నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వదిన కిటికీ దగ్గర ఆ ఫొటోను రెండు చేతులా పట్టుకుని చూస్తోంది.

"నేను గిట్లనే ఉంటనా వదినా?"

మెచ్చుకోలు మాటలు నాకు రావు. ఫొటోను చూశాను, ఆమెను చూశాను.

"ఇలాగే ఉంటావు."

దీపం వేయబోతే వద్దని చెయ్యి ఊపింది. బయట వాన వెలిసింది. గదిలో చీకటి చిక్కబడుతుంటే కాగితం మీది ముఖమూ, దాన్ని పట్టుకున్న వేళ్లూ మెల్లగా ఒకే నలుపులోకి కలిసిపోయాయి.