మాటకు ముందు ఊపిరి

నరసరావుపేటలో బోరు మోటార్లు బాగుచేసే భాయ్‌కి ఒక అలవాటుండేది. తిరుగుతున్న మోటారుకు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఒక గుక్క ఊపిరి పీల్చి, "ఆగు, ఇను" అనేవాడు. ఆ తర్వాతే బేరింగు పోయిందో, ఇసుక చేరిందో చెప్పేవాడు.

మిరప రైతుల మీద తీస్తున్న ఒక సినిమాకు సంగీతం చేయడానికి నేను ఆయన షెడ్డుకు వెళ్ళాను. మోటార్ల చప్పుళ్ళనే కంప్యూటర్లో సాగదీసి సంగీతం కట్టాలని నా ఆలోచన. మైకు మోటారుకు ఎక్కడ ఆనించాలో వారం రోజులు ఆయనే చూపించాడు. ప్రతి రికార్డింగు మొదట్లోనూ ఆయన "ఆగు, ఇను" మాటే ఉండేది.

సినిమా మధ్యలో ఆగిపోయింది. ఆ సంగీతాన్నే ఆల్బమ్‌గా విడుదల చేశాను. ఆయన మాట వినబడితే జనం నన్ను కాక ఆయన్ని మెచ్చుకుంటారేమోనని దాన్ని కోసేశాను. పేరు నాదొక్కటే వేసుకున్నాను.

తర్వాత సిగ్గు లేకుండా వెళ్ళి ఆయనకే వినిపించాను. స్పీకరుకు స్క్రూడ్రైవర్ ఆనించి, కదలకుండా చివరిదాకా విన్నాడు.

"చానా బాగుంది తమ్ముడూ. నేను ఊపిరి పీల్చింది అన్నిట్లో ఉంది. మాటేది?"

మాటకు ముందున్న ఆ ఊపిరి నా చెవికి ఏనాడూ అందలేదు.

"సౌండ్ సరిగ్గా రాలేదు భాయ్," అన్నాను.

"అయితే మైకు నేనే సరిగ్గా పెట్టుండను. రేపు రా, మళ్ళా చేద్దాం."

నేను ఇప్పటికీ వెళ్ళలేదు.