ఎడారిలో బొడ్రాయి

దుబాయ్‌లో పనిచేసే రోజుల్లో ఒక సెలవునాడు కిరాయి వ్యాన్‌లో ఒమన్ సరిహద్దు దాటి, ఎడారిలో ఉన్న పాత ఊరి శిథిలాలు చూడటానికి వెళ్లాం. నా పక్క సీటు మనిషిది నారాయణపేట వైపు. పేరు అడగనే లేదు.

అక్కడ మొండిగోడలు తప్ప ఏమీ లేవు. అందరూ ఫోటోలు దిగుతుంటే ఆయన మాత్రం గోడల మధ్య దేనికోసమో వెతుకుతున్నాడు. చివరికి ఇసుకలో సగం కూరుకుపోయిన ఒక రాయి దగ్గర చెప్పులు విడిచి, తాగే నీళ్ల సీసా మొత్తం దానిమీద పోశాడు.

"గిదేందన్నా?" అన్నాను.

"బొడ్రాయి."

మన దగ్గర ఊరు కట్టేటప్పుడు నడుమ పాతి, నీళ్లు పోసి మొక్కుతారే, ఆ రాయి అనుకున్నాడు. అది విరిగిన స్తంభం మొదలని వ్యాన్ డ్రైవర్ చెప్పినా వినలేదు.

"గీ ఊర్ల మనుషులే లేరు గదనే," అన్నాను.

"గందుకే పోసిన. మరెవలు పోస్తరు?"

నవ్వాలో దండం పెట్టాలో తెలియక నిలబడ్డాను. ఆయన చెప్పులు వేసుకుంటూ అడిగాడు. "మీ ఊర్ల ఏడున్నది?"

మాది నకిరేకల్ దగ్గర. చెప్పబోయి ఆగిపోయాను. చిన్నప్పుడు మా అవ్వ దానిమీద బిందెడు నీళ్లు పోయడం గుర్తుంది గానీ, జాగా గుర్తురాలేదు.

ఇప్పుడు ఊరికి వచ్చేశాను. సిమెంటు రోడ్డు వేసినప్పుడు ఆ రాయి కిందికి పోయిందట. ఎక్కడని అడిగితే ఒకరు కిరాణా దుకాణం ముందంటారు, ఇంకొకరు పాలకేంద్రం మూలంటారు. ఆ రోడ్డు మీద నడుస్తుంటే కాలు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.