ముగింపు తేదీ లేని గీత

పోయిన ఆదివారం మా మేడం కన్నుమూశారు. బీదర్‌లో, నౌబాద్ కాలేజీలో మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషి. ఏడుస్తూ రాయాల్సిన మాటలివి. నాకు కోపమే వస్తోంది. సంతాప సభ చూసి వచ్చినప్పటి నుంచి అది దిగడం లేదు.

చిట్గుప్పలో మా అన్నది విత్తనాల దుకాణం. కొన్నేళ్ళ కిందట ఒకరోజు పోలీసులొచ్చి అన్నను తీసుకుపోయారు. ఏదో ఇంటర్నెట్ అడ్రస్ నుంచి మోసపు సందేశాలు వెళ్ళాయట, ఆ అడ్రస్ మా దుకాణం పేరున రిజిస్టరై ఉందట. ఆ కనెక్షన్ మేం మానుకుని ఏళ్ళయింది. చెబితే వినే నాథుడు లేడు. మేడం దగ్గరికి పరుగెత్తాను.

మాకు ఆ కనెక్షన్ ఇచ్చిన ఇంటర్నెట్ కంపెనీ అడ్రస్‌లకు, ఎవరైనా చూడగలిగే రిజిస్ట్రేషన్ వివరాలన్నీ ఆమె గ్రాఫ్ డేటాబేస్‌లోకి ఎక్కించారు. అడ్రస్ ఒక చుక్క, పేరు ఒక చుక్క, ఫోన్ నంబరు ఒక చుక్క. వాటి మధ్య సంబంధం గీత.

"పెళ్ళి సంబంధం చూసేటోళ్ళు ఎవరి బిడ్డ, ఎవరి కోడలు అని అడుక్కుంట పోరా? గదే ఇది" అనేవారు, సాసర్‌లో చల్లారిన చాయ్ మళ్ళీ కప్పులో పోస్తూ. పక్కన కూర్చుని గీతలు ఎక్కిస్తూ నేను తొందరపడితే ఆపేవారు. "ఎప్పటిసంది అని రాసినవు. ఎప్పటిదాంక? తెగిన బంధానికి గీత ఉంచితే అమాయకుణ్ణి పట్టిస్తది."

గీతల వెంట దొరికిన నంబర్లన్నిటికీ ఫోన్లు చేశారు. చాలా దుకాణాల వాళ్ళది మా మాటే: ఎప్పుడో మానేసినం. వాళ్ళ పేర్లు మాత్రం రికార్డులో అలాగే ఉన్నాయి. కంపెనీకి వెళ్ళి అడిగితే, గుమాస్తా తల కూడా ఎత్తలేదు.

"పాత పేరుంటే ఏమైతది మేడం? ఎవరు చూస్తరు?"

"పోలీసులు చూసిండ్రు" అన్నారామె.

ఆ గీతల పటం పట్టుకుని, స్కూటీ మీద స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి అన్నను బయటికి తెచ్చారు. మా వదిన ఈనాటికీ ఆమె పేరు చెప్పి దీపం పెడుతుంది.

అలాంటి మనిషికి కాలేజీ చేసిన మర్యాద వినండి. కాలేజీ ఇంటర్నెట్ అడ్రస్‌లకు బాధ్యురాలిగా రికార్డులో ఇప్పటికీ ఆమె పేరే ఉంది, ఆమె సొంత ఫోన్ నంబరే ఉంది. మార్చమని సభ అయ్యాక ప్రిన్సిపాల్‌ను అడిగాను. మేడం గొప్పతనం మీద అంతసేపు మాట్లాడి, మంచినీళ్ళు తాగుతూ ఆయన అన్నదిదీ:

"నిదానంగ చూద్దాం లేవయ్యా. ఇప్పుడు ఎవరు చూస్తరు?"

అందరి ముందే తిట్టాను. పెద్దవాణ్ణి తిట్టానని మావాళ్ళు నొచ్చుకున్నారు. నొచ్చుకోనీ.

నిన్న మేడం వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె భర్తతో మాట్లాడుతుంటే, ఫోటో ముందు పెట్టిన ఆమె ఫోన్ మోగింది. ఆయన ఎత్తారు. కాలేజీ అడ్రస్ నుంచి దొంగ మెయిళ్ళు వస్తున్నాయని ఎవరో ఫిర్యాదు చేస్తున్నారు. ఇలాంటి ఫోన్లు రోజూ వస్తున్నాయట.

"మేడం లేరండి. పోయిండ్రు" అన్నారాయన, ఎన్నోసార్లు చెప్పిన గొంతుతో. అవతలివాళ్ళు పెట్టేస్తారేమోనని వెంటనే అన్నారు: "మీరు చెప్పుండ్రి. నేను రాసుకుంట."

ఆమె కళ్ళద్దాల పక్కనున్న పెన్ను అందుకుని, మూత తీశారు.