రెండో బంతి మేళగాళ్ళు

పాటల కచేరీ అంటే జనం చెవులు కోసుకుంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే ఎంగిలాకుల వాసన గుర్తొస్తుంది. సినిమాల్లో పాడే పెద్ద గాయకుడి వెంట మూడు రోజులు మూడు ఊళ్ళు తిరిగినదాన్ని నేను. పాడటానికి కాదు, వండటానికి.

అది ఎనభైల్లో సంగతి. అప్పటికి నరసరావుపేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళకూ దినాలకూ నేనే వంట. మూడో తరగతితో నన్ను బడి మాన్పించారు. పొయ్యి దగ్గర చదువు మాత్రం ఎవరూ మాన్పించలేదు. పందిట్లో జనాన్ని ఒకసారి కలియజూసి ఎన్ని మానికల బియ్యం పోయాలో చెప్పేదాన్ని. అన్నం మిగిలితే వంటమనిషి తప్పు, చాలకపోయినా వంటమనిషి తప్పు. నా వంటలో ఆ రెండూ జరగనిచ్చేదాన్ని కాదు.

ఆ గాయకుడు మద్రాసు నుంచి వస్తున్నాడనీ, మొదటిరోజు నరసరావుపేటలో, రెండోరోజు గురజాలలో, మూడోరోజు మాచర్లలో పాడతాడనీ గోడల నిండా కాగితాలు అంటించారు. ఆయన వెంట మద్రాసు బ్యాండు పదకొండు మంది. గిటార్లు, డ్రమ్ములు, మీట నొక్కితే ఏ వాయిద్యం మోతైనా పలికే కరెంటు పెట్టె ఒకటి. ఆ పెట్టె వాయించేవాడే వాళ్ళకు లీడరు. గాయకుడు స్టేజీ ఎక్కేముందు ఒక గంట జనాన్ని కూర్చోబెట్టడానికి మా ఊరి పెళ్ళి బ్యాండును మాట్లాడారు. వాళ్ళు ఏడుగురు. ఆ బ్యాండు మాస్టరు మా పక్కింటి సాయిబు. క్లారినెట్ వాయిస్తాడు. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. వాళ్ళ తాతల నాటి నుంచి మా బజార్లో ఏ పెళ్ళికైనా వాళ్ళ మేళమే. అందరికీ వంట చేయడానికి నన్ను పిలిపించింది కూడా అతనే.

అతని గురించి ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడాదికే అతని ముందు పళ్ళు రెండు కదులుతున్నాయి. చిగుళ్ళు పుండ్లు పడి, ఒక్కోరోజు మజ్జిగన్నం కూడా నమలలేకపోయేవాడు. క్లారినెట్ పట్టుకోవడానికి ముందు పళ్ళు ఉండాలట. పళ్ళు ఊడితే పని ఊడినట్టేనని మా అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. పెళ్ళి ఊరేగింపుల్లో దుమ్ములో నడుస్తూ వాయించడమే గానీ, మంచి మైకు ముందు కూర్చుని వాయించే రాత తనకు లేదని అనేవాడు.

నరసరావుపేట కచేరీ అయిన మర్నాడు ఆ రాత మారేట్టు కనిపించింది. పొద్దున నేను కాఫీ పోస్తుంటే గాయకుడు మాస్టరును పిలిపించాడు. మాస్టరు వాయించినది రాత్రి తెర వెనక కూర్చుని విన్నాడట. తన పాటల్లో ఒకదానికి మొదట్లో క్లారినెట్ ఉంటుందనీ, తన బ్యాండులో అది వాయించేవాడు లేక ఇన్నేళ్ళుగా పెట్టెతో కానిస్తున్నామనీ చెప్పాడు. మాచర్లలో ఆ పాటకు తన పక్కన కూర్చుని వాయించమన్నాడు. మాస్టరు గ్లాసులో కాఫీ చల్లారిపోయింది. నేను కేకేస్తే గానీ తాగలేదు. వెనక నిలబడ్డ మద్రాసు లీడరు ముఖం మాత్రం ముడుచుకుపోయింది.

ఇక బంతి సంగతి. మా వైపు బంతిలో కూర్చున్నాక అందరూ తిన్నదాకా ఒక్కరు లేవకూడదు. అందరూ ఒకే బంతిలో తింటే అందరూ సమానం. పద్దెనిమిది మందే కదా, ఒకే బంతి వేస్తానన్నాను నరసరావుపేటలోనే. వడ్డన కలిసొస్తుంది, ఏదీ చల్లారదు. మద్రాసు లీడరు ఒప్పుకోలేదు. తన మనుషులు ఆర్టిస్టులనీ, మేళగాళ్ళ పక్కన కూర్చోరనీ కచేరీ పెట్టినవాళ్ళతో అన్నాడు. కచేరీ పెట్టినవాళ్ళు నాతో, పెద్దమ్మా, మేళం వాళ్ళను రెండో బంతిలో కూర్చోబెట్టండి అన్నారు. నేను కూర్చోబెట్టాను. ఎదురు చెప్పలేదు. ఊళ్ళో చిన్నాపెద్దా అందర్నీ అదిలించే నేను, వాళ్ళ ముందు తలూపి ఆకులు పరిచాను. ఆ మూడు రోజుల అసహ్యంలో నా వాటా అక్కడ మొదలైంది.

మొదటి బంతి వాళ్ళ తిండి చూడాలి. వడ కొరికి పక్కన పడేయడం, ఇంకో వడ అడగడం. పప్పులో వేళ్ళు పెట్టి కెలికి వదిలేయడం. నేను కొరివికారం కూడా వడ్డించాను. అంటే పండుమిరపకాయలు, చింతపండు, మెంతిపిండి వేసి దంచిన పచ్చడి. మా పల్నాట్లో అది లేకుండా విస్తరి వేయరు. వాళ్ళు నాలిక్కి తగిలించుకుని, ఇది మనుషులు తినేదేనా అని ఆకు చివరికి తోసేశారు. ఎండలో కూర్చుని తొడిమలు తీసి నేను దంచిన పచ్చడి అది. ఆ పూటతో వాళ్ళకు దాన్ని వడ్డించడం మానేశాను. జాడీకి గుడ్డ కట్టి నా సంచిలో పెట్టుకున్నాను.

గురజాలలో ఒక పత్తి గోడౌనులో భోజనాలు. అక్కడ ఇంకా ఘోరం. మనవాళ్ళు ఏడుగురూ ఆకలితో గోడవారన నిలబడి ఉంటే, వీళ్ళు తిన్న ఆకుల ముందు కూర్చుని అరగంట జోకులు వేసుకున్నారు. ఒకడు తినగా మిగిలిన అన్నం మీదే చెయ్యి కడిగాడు. ఇంకొకడు సిగరెట్టు ముక్క మజ్జిగ గ్లాసులో ముంచి ఆర్పాడు. మూడోవాడు లేచి, పెళ్ళికొడుకు ముందు బ్యాండు వాళ్ళు ఎలా ఊగుతూ నడుస్తారో నడిచి చూపించాడు. అందరూ నవ్వారు. గాయకుడు అక్కడ లేడు. ఆయనకు వేరే గదిలో పెరుగన్నం.

ఆ నడక చూసి మాస్టరు తలొంచుకున్నాడు. అతని డోలక్ వాడు ఒంచుకోలేదు. వాడు పదిహేనేళ్ళుగా మాస్టరు వెనకే డోలక్ వాయిస్తున్నవాడు. మనిషి మంచివాడే గానీ ముక్కు మీద కోపం. రెండో బంతిలో కూర్చున్నాక వాళ్ళ మాటలు నా ముందే జరిగాయి.

"రేపు మాచర్లలో వీళ్ళ పక్కన కూర్చుంటావా మాస్టరూ?" అన్నాడు డోలక్ వాడు.

"ఒక్క పాటేరా" అన్నాడు మాస్టరు.

"ఒక్క పాటకి మా ఆరుగురి సిగ్గు తీస్తావా? వీళ్ళతో మేం ఎక్కం అంటే నువ్వూ ఎక్కకూడదు. అదీ బ్యాండంటే."

"నా నోట్లో పళ్ళు ఇంకెన్నాళ్ళుంటాయో నీకు తెల్వదా?"

"పళ్ళుంటే ఏంది, ఊడితే ఏంది. సిగ్గుండాల" అని వాడు అన్నం కలుపుకున్నాడు.

నేను చారు పోసుకుంటూ ముందుకు పోయాను.

మూడోరోజు పొద్దున మాచర్ల చేరాం. సినిమా హాలు వెనక రేకుల షెడ్డులో పొయ్యి పెట్టాను. టిఫినుకు ఉప్మా. డోలక్ వాడు వచ్చి, పిన్నీ, కొంచెం కొరివికారం పెట్టు అని ఆకుముక్క చాపాడు. ఉప్మాలోకి కొరివికారమేందిరా, పేగులు కాల్చుకుంటావా అని తిట్టాను. తిడుతూనే పెట్టాను. మన పచ్చడి మనవాడు అడిగాడు కదా అని ఒక గరిటె ఎక్కువే పెట్టాను.

ఆ రోజు మాస్టరు తెల్ల చొక్కా తనే ఉతుక్కుని, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసుకున్నాడు. మధ్యాహ్నం ఏమీ తినలేదు. చిగుళ్ళు నొప్పి, తింటే రక్తం వస్తుందన్నాడు. నాలుగింటికి స్టేజీ మీద రిహార్సల్. నేను కాఫీ డబ్బా పట్టుకుని అక్కడికే వెళ్ళాను. నిజం చెప్పాలంటే అతను మైకు ముందు కూర్చోవడం చూడాలనిపించింది.

గాయకుడి పక్కన కుర్చీ వేశారు. మాస్టరు పెట్టె తెరిచి క్లారినెట్ ముక్కలు బిగించాడు. ఊదే కొసకు సన్నని రెల్లు ముక్క ఒకటి కట్టి ఉంటుంది. వాయించేముందు దాన్ని నోట్లో పెట్టుకుని బాగా తడపాలి. ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. మరుక్షణం దాన్ని ఊడలాగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలోంచి కిందికి జారాడు. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. అది మనిషి గొంతులా లేదు.

పుండ్లు పడ్డ చిగుళ్ళ మీద కారం. నేను పరుగున పోయి పెరుగు తెచ్చి అతని నోట్లో పోశాను. పెదాలు చూస్తుండగానే ఉబ్బిపోయాయి. కింద పడ్డ క్లారినెట్ తీసి వాసన చూశాను. చింతపండు, మెంతిపిండి. నా పచ్చడి నాకు తెలియదా? సందుల్లోకి పోయేదాకా ఎవరో వేలితో రుద్దారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మద్రాసు లీడరు ముందుకు పోయి అంతమందిలో నోటికొచ్చినట్టు తిట్టాను. నా పచ్చడి క్లారినెట్‌కు రుద్దారన్నాను, తిండి కెలికే చేతులు ఇంతకన్నా ఏం చేస్తాయన్నాను. వాడు ఎగిరిపడలేదు. నిదానంగానే జవాబు చెప్పాడు.

"అమ్మా, ఆ పచ్చడి మేం మళ్ళీ ముట్టుకోనే లేదు. మొదటిరోజు తర్వాత మీరు మాకు పెట్టలేదు. జాడీ మీ సంచిలోనే ఉంది. ఎవరికి ఇచ్చారో మీరే చెప్పండి."

మాచర్లలో ఆ జాడీ గుడ్డ విప్పింది ఒక్కసారే. ఒకే ఒక్క ఆకుముక్కలో పెట్టాను. తిరిగి చూస్తే డోలక్ వాడు స్టేజీ చివర కూర్చుని తాళ్ళు బిగించుకుంటున్నాడు. తలెత్తలేదు. మిగతా ఐదుగురూ వాడి చుట్టూ కూర్చుని నేల చూస్తున్నారు. ఒక్కడు కూడా లేచి మాస్టరు దగ్గరికి రాలేదు. అందరికీ తెలిసే జరిగింది.

నేను లీడరుకు క్షమాపణ చెప్పలేదు. డోలక్ వాడి పేరూ చెప్పలేదు. చెబితే మన పరువు మద్రాసు వాళ్ళ ముందు పోతుందని ఊరుకున్నాను. అదేం పరువో.

గాయకుడి దగ్గరికి మాత్రం పోయాను. ఒక గంట ఆగితే పెదాలు తగ్గుతాయేమో, పాటను చివరికి జరపమని అడిగాను. ఆయన వేడినీళ్ళు పుక్కిలిస్తున్నాడు. పుక్కిలించడం ఆపి, అయ్యో పాపం అన్నాడు. అని, లీడరు వైపు తిరిగి, సరే, దాన్ని పెట్టెతోనే కానిచ్చేయండి అన్నాడు. మళ్ళీ నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. అంతే. ఆ మనిషికి అది కూరలో ఉప్పు తగ్గినంత సంగతి.

రాత్రి మొదటి గంట మేళం మాస్టరు లేకుండానే వాయించింది. కచేరీలో ఆ పాట వచ్చినప్పుడు లీడరు ఏదో మీట నొక్కాడు. పెట్టెలోంచి క్లారినెట్ వచ్చింది. ఊపిరి లేకుండా, ఎంగిలి లేకుండా, పళ్ళతో పని లేకుండా. మాచర్ల జనం ఈలలు వేశారు. మాస్టరు షెడ్డులో నా గిన్నెల పక్కన, తడిగుడ్డ మూతికి పెట్టుకుని కూర్చున్నాడు. అచ్చం నాదిలాగే ఉంది కదక్కా అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. లేదన్నాను నేను. బూడిద తీసుకుని గుండిగ తోముతూ కూర్చున్నాను.

తెల్లారి మద్రాసు వాళ్ళు వాళ్ళ బస్సులో వెళ్ళిపోయారు. మేం వ్యాన్లో ఎక్కాం. పిడుగురాళ్ళ దగ్గర డ్రైవరు టీకి ఆపితే అందరూ దిగారు. మాస్టరు దిగలేదు. అప్పుడు చెప్పేశాను. ఎవడు చేశాడో, పచ్చడి ఎవరి చేత్తో పోయిందో, రెండూ చెప్పాను. రేపటి నుంచి వాడి ముఖం చూడొద్దన్నాను.

మాస్టరు కిటికీలోంచి టీ కొట్టు వైపు చూశాడు. డోలక్ వాడు అక్కడ ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

"శుక్రవారం శావల్యాపురంలో పెళ్ళి ఒప్పుకున్నాం అక్కా" అన్నాడు. "వాడు లేకపోతే డోలక్ ఎవరు కొడతారు?"

"నోరు కాల్చినోడితో పెళ్ళికి పోతావా? ఆ మూతితో ఏం ఊదుతావు?"

"నేను ఊదలేను. కార్నెట్ బూర వాడు ఊదుతాడు. నేను తాళం వేస్తా."

నాకు అతని మీద కూడా రోత పుట్టింది. దాన్ని మంచితనం అనేవాళ్ళు ఉంటారు. నాకలా అనిపించలేదు. ఒక మనిషి బతుకులో ఒకే ఒక్క పాటను కాల్చేస్తే, కాల్చినవాడు డోలక్ సరిగ్గా కొడతాడని ఊరుకోవడం ఏం మంచితనం? కానీ ఏడిళ్ళలో పొయ్యి వెలిగేది ఆ మేళంతోనే.

అతని కోసం చారెడు పెరుగన్నం మెత్తగా పిసికి దొన్నెలో తెచ్చాను. కారం తగిలిన నోరు, ఇంకేదీ పోదని. వ్యాన్ కదిలాక అతను రెండు ముద్దలు మింగి, దొన్నె పక్కకు చాపాడు. పక్కన డోలక్ వాడు కూర్చుని ఉన్నాడు. వాడు కాసేపు దొన్నె వంకే చూశాడు. తర్వాత తీసుకుని తిన్నాడు. మాస్టరు ఎంగిలి చేసిన అన్నం, అడుగంటా నాకి తిన్నాడు. ఒక్క మెతుకు వదల్లేదు.

వాళ్ళిద్దర్నీ చూడబుద్ధి కాక నేను నరసరావుపేట దాకా తల తిప్పలేదు. ఆ వేసవిలోనే మాస్టరు పళ్ళు రెండూ ఊడిపోయాయి.