పోప్పా మామ

మా రామసుబ్రహ్మణ్య మామ ఫ్రెంచి మాట ఒకటైనా దొర్లించకుండా మంచినీళ్ళు కూడా ముట్టడు. తమిళనాట మా రాజపాళయంలో పుట్టి, ఇక్కడి నూలు మిల్లులోనే పనిచేసి రిటైరైన మనిషి. ఫ్రాన్సు సంగతి దేవుడెరుగు, పుదుచ్చేరి కూడా చూడలేదు. ఆయన ఫ్రెంచంతా ఫోన్లో చూసే ఇంగ్లీషు సీరియళ్ళలోంచి ఏరుకున్నదే.

"మనకెందుకు మామా ఫ్రెంచి?" అని ఒకసారి అడిగాను.

"ఇది ఫ్రెంచి కాదురా. ఇంగ్లీషువాళ్ళు ఎత్తుకొచ్చి, మాదే అని చెప్పుకొనే ఫ్రెంచి. మనం తెలుగులో అరవం కలిపేది లేదా? అంతే. మనం కలిపితే కొచ్చ తెలుగు, మోటు తెలుగు; వాళ్ళు కలిపితే స్టైలా?"

నేను నోరు వెళ్ళబెట్టాను. నిజం చెప్పాలంటే ఆయన ముందు నా నోరు ఎక్కువగా ఆ స్థితిలోనే ఉంటుంది.

కరెంటు పోయినా, తళవాయిపురం బస్సు తప్పినా, దోసె మాడినా ఆయన చేతులు రెండూ పైకెత్తి "సే లా వీ!" అంటాడు. బతుకంటే ఇంతే మరి అని దానికి అర్థమట. ముత్తులక్ష్మి అత్తకు ఆ అర్థంతో పనిలేదు.

"తెలుగు సెలవా, అరవ సెలవా? అది చెప్పండి ముందు" అంటుంది. తమిళంలో సెలవంటే ఖర్చు.

"రెండూ కాదే, ఫ్రెంచి..."

"తెలుగు సెలవైతే ఇంట్లో పడుండండి. అరవ సెలవైతే నన్ను అడగబాకండి."

ఇవన్నీ ఒక ఎత్తు, 'ఫో పా' ఒక ఎత్తు. పదిమందిలో చెయ్యో నోరో జారితే దాన్ని అలా అంటారట. మా ఊరి చెవికి మాత్రం అది అచ్చంగా తమిళం 'పోప్పా'. అంటే, పోవయ్యా అని.

గుడి కమిటీ భోజనాల్లో మా సెంథిల్ వడ్డిస్తూ రసం బకెట్టు ప్రెసిడెంటుగారి మల్లెపువ్వులాంటి పంచె మీద ఒలికించాడు. ఆయన కళ్ళెర్రజేసి తల ఎత్తేలోపలే పక్క విస్తరి దగ్గర్నుంచి మామ కేకేశాడు: "ఫో పా!"

"ఎవర్నయ్యా పోప్పా అనేది? ప్రెసిడెంట్‌నే పొమ్మంటావా?"

"మిమ్మల్ని కాదండీ, ఇది ఫ్రెంచి. ఎఫ్, ఏ, యూ, ఎక్స్..."

"ఎక్స్ ప్రెసిడెంటా? ఇంకా పదవిలోనే ఉండానయ్యా నేను!"

ఆ గొడవ పాయసం దాకా సాగింది. సెంథిల్ బకెట్టుతో ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. మామను మాత్రం కమిటీవాళ్ళు మళ్ళీ భోజనానికి పిలవలేదు.

సేత్తూరులో ఒక నిశ్చితార్థానికి వెళ్ళినప్పుడు మా కలైసెల్వి పెళ్ళికొడుకు తల్లిని పట్టుకుని "రా అవ్వా, కూచో" అంది. ఆ తల్లి ముఖం మారీ మారకముందే "ఫో పా!" అని వినిపించింది. ఇక మగపెళ్ళివారంతా మామ మీద పడ్డారు. ఈ మనిషికి సమయం సందర్భం లేదని మేమంతా తలలు పట్టుకున్నాం. పోప్పా మామ అనే పేరు ఆయనకు అలా స్థిరపడింది.

అలాంటి మనిషిని మా ఇంట్లో కొత్త కోడలు వడ్డించే విందుకు పిలవకుండా ఉంటే బాగుంటుందని నేనే అన్నాను. సొంత తమ్ముణ్ణి ఎలా పిలవకుండా ఉంటానని అమ్మ ఒప్పుకోలేదు.

మా తమ్ముడు నందకుమార్ తూత్తుకుడి అమ్మాయి ఇళవరసిని ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. మా ఇళ్ళలో తెలుగు, వాళ్ళ ఇంట్లో తమిళమే. మా నాన్న మేనత్త సుందరవల్లి అవ్వ, "మన మాట రాని పిల్ల చేతి కూడు తినను" అని పెళ్ళికే రాలేదు. మా వాళ్ళందరికీ అవ్వ మాటే కోర్టు తీర్పు. చివరికి అందరూ బతిమాలితే మెట్టు దిగింది. "వస్తాను. ఆ పిల్లే వడ్డించాల, తెలుగులోనే మాట్లాడాల" అంది. అవ్వ సగం విస్తట్లోంచి లేచిందంటే ఇక ఆ గడప తొక్కే చుట్టం ఉండడు.

ఇళవరసి పాపం రాత్రీ పగలూ తెలుగు బట్టీ పట్టింది. "రండవ్వా" అంది, తప్పులేదు. "ఇంకొంచెం పప్పు వేసేదా?" అంది, తప్పులేదు. అవ్వ మాట్లాడకుండా తింటోంది. నందకుమార్ ఊపిరి పీల్చుకున్నాడు. కడుపు నిండిందా అని ఒక్క మాట అడిగితే గండం గట్టెక్కినట్టే. సరిగ్గా అక్కడ ఆ పిల్లకు 'నిండిందా' గుర్తు రాలేదు.

"అవ్వా, మీకు కడుపు వచ్చిందా?"

ఎనభై దాటిన మనిషిని!

అవ్వ చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. పంక్తి మొత్తం ఆగిపోయింది. అప్పుడు చివరి విస్తరి దగ్గర్నుంచి, కప్పు ఎగిరిపోయేలా:

"ఫో పా!"

అవ్వ గిర్రున అటు తిరిగింది. "ఎవర్రా అది? ఎవర్ని పో అనేది?"

మామ తల వంచుకున్నాడు.

"మాటలో తప్పుంటే నేను దిద్దుకుంటాను. మా ఇంటి కోడల్ని పొమ్మనేదానికి నువ్వెవడివి? అక్కను మాకిచ్చినావని అంత పొగరా?"

మా ఇంటి కోడలు! ఆ మాట అవ్వ నోట వస్తుందని మేమెవరం కలగనలేదు.

"తప్పైపోయింది అత్తా" అన్నాడు మామ. ఇది ఫ్రెంచి అనలేదు, ఎఫ్ అనలేదు, ఎక్స్ అనలేదు. అది చూసి నా బుర్రలో దీపం వెలిగింది. సెంథిల్ రసం, కలైసెల్వి 'అవ్వ' అన్నీ వరసగా గుర్తొచ్చాయి. మామ ఫో పా అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు తిట్లు తప్పించుకున్నారు. ఈయనా సమయం సందర్భం లేని మనిషి? చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. చేతి నిండా పప్పన్నం ఉండి ఊరుకున్నాను.

అవ్వ ఇళవరసి వైపు తిరిగింది. "కడుపు నిండిందా అనాల. ఏదీ, చెప్పు."

"కడుపు నిండిందా అవ్వా?"

"లేదు, పాయసం వెయ్యి. ఆ ఇంకోటి మాత్రం నాకు ఈ వయసులో రాదులే. నువ్వు తెచ్చుకో."

ఇల్లు ఘొల్లుమంది. మామ ఇక ఆపుకోలేకపోయాడు. "తూషే!" అన్నాడు. దెబ్బకు దెబ్బ భలే తగిలిందని మెచ్చుకోవడమట.

అవ్వ మళ్ళీ తిరిగింది. "ఎవర్రా తూ, ఛే అనేది?"

ఇళవరసి పాయసం గిన్నెతో చరచరా మామ విస్తరి దగ్గరికి నడిచింది. "ఈయనకు రెండు గరిటెలు పోస్తాను అవ్వా" అంది, ఒక్క తప్పు లేకుండా. "నోరు మూసుకొని తింటారు."