మీవాళ్ళ పుస్తకం

మర్యాదగా చేసే అన్యాయం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొహం మీద తిట్టేవాడితో పోట్లాడవచ్చు. "ఏమీ అనుకోకమ్మా, మంచికే చెప్తున్నా" అంటూ నవ్వే మనిషితో ఎలా పోట్లాడాలో ఈ వయసొచ్చినా నాకు తెలియలేదు. మా పుస్తకాల గ్రూపులో జరిగింది అలాంటిదే. వచ్చే నెల ఏ పుస్తకం చదవాలన్న దగ్గర వచ్చిన గొడవ అది. ఆ మాత్రం దానికి ఇంత రాద్ధాంతమా అని మావారు నవ్వారు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

గ్రూపు వాట్సాప్‌లో ఉంటుంది. నెలకొక పుస్తకం చదివి, ఆఖరి ఆదివారం సాయంత్రం వీడియో మీటింగులో మాట్లాడుకుంటాం. మొదలుపెట్టింది పటమటలో మా పక్క వీధిలో ఉండే ఇంజినీరు గారు. కాలువల మీద పనిచేసి రిటైరయ్యారు. మీటింగును కూడా కాలువకు నీళ్ళు వదిలినట్టే నడుపుతారు. ఎవరికెంతసేపు అన్నది ఆయన చేతిలోనే ఉంటుంది. నేను ఇంట్లో పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పుకునే మనిషిని. పుస్తకాల పిచ్చి ఉందని తెలిసి ఆయనే నన్ను చేర్చారు. ఆ మాటకొస్తే మంచాయనే. అదే నా బాధ కూడా.

పుస్తకం ఎంపికకు మొదట్లో ఓటింగు పెట్టేవారు. అది వారాల తరబడి సాగేది. పెద్ద గొంతున్నవాళ్ళు చెప్పిన పుస్తకమే ప్రతిసారీ గెలిచేది. ఇంజినీరు గారే ఒకరోజు విసుక్కుని వంతులు పెట్టారు. "శివారు భూములకు నీళ్ళు అందాలంటే వంతులే దిక్కమ్మా. లేకపోతే పైనున్నవాడు గండి కొట్టేస్తాడు" అన్నారు. ఆ మాటకు నేను లోపల చప్పట్లు కొట్టాను. చీటీలు తీసిన వరసలో ఒక్కో నెల ఒక్కొక్కరిది. వంతు వచ్చినవాళ్ళు తమ పుస్తకం అట్టను ఫోటో తీసి గ్రూపు డీపీగా పెట్టేస్తారు. డీపీ మారిందంటే ఆ నెల పుస్తకం ఖాయం. ఇక చర్చ లేదు, బతిమాలుకోవడాలు లేవు.

ఈ పద్ధతిలో మేం ఏమేం చదివామో చెప్తే నవ్వుతారు. మైలవరం నుంచి ఒక మామిడితోటలాయన ఉన్నాడు. ఆయన హస్తసాముద్రికం పుస్తకం పెట్టాడు. నెలంతా గ్రూపు నిండా అరచేతుల ఫోటోలే. పళ్ళ డాక్టరమ్మ ఊరగాయల పుస్తకం పెట్టింది. ఆ ఆదివారం మాగాయలో మెంతిపిండి ఎప్పుడు కలపాలన్నదాని మీద కొట్టుకున్నంత పని చేశాం. ఇంజినీరు గారు గుర్రాల పెంపకం మీద పుస్తకం పెట్టారు. పటమటలో గుర్రం ఎక్కడుందండీ అని ఒక్కరూ అడగలేదు. వంతు ఆయనది, ఇష్టం ఆయనది.

ఆ తర్వాత వంతు గన్నవరం అమ్మాయిది. అమ్మాయి అంటున్నాను గానీ పెళ్ళీడు దగ్గరపడ్డ కూతురున్న మనిషి. నన్ను అక్కా అంటుంది. ముస్లింలు. భర్తా తనూ కలిసి గన్నవరంలో కళ్ళజోళ్ళ షాపు నడుపుతారు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ కౌంటరు వెనక కూర్చుని చదువుకుంటుంది. మా అందరిలో పుస్తకం చివరిదాకా చదివి మీటింగుకు వచ్చేది తనొక్కతే అని నా గట్టి నమ్మకం. కానీ తనను ఎవరైనా పుస్తకం గురించి అడిగితే కదా! ఊరగాయల నెలలో "మీలో ఊరగాయలు పెట్టుకుంటారాండీ?" అని అడిగారు. అరచేతుల నెలలో "మీలో ఇవి నమ్మరనుకుంటా" అన్నారు. గుర్రాల నెలలో కూడా ఎవరో మొహర్రం ఊరేగింపుల సంగతి ఎత్తారు. అన్నిటికీ తను నవ్వుతూ రెండు ముక్కలు చెప్పేది. తర్వాత ఇంజినీరు గారు "ధన్యవాదాలమ్మా" అని ఇంకొకరికి ఇచ్చేసేవారు.

తనకు పాత డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర కట్టలు కట్టలుగా కొనుక్కుంటుంది. తన వంతు దగ్గరపడుతున్న రోజుల్లో నాకు ఫోన్ చేసి ఒకటే సంబరం. రైల్వే క్వార్టర్లలో ఒక హత్య, చుట్టూ ఓ స్టేషన్ మాస్టరు, ఓ కాంపౌండరు, ఓ వంటామె. "అక్కా, హంతకుడెవరో మీరెవరూ చెప్పలేరు చూడండి. ఆఖరి అధ్యాయం చదవొద్దని చెప్పి, మీటింగులో ఒక్కొక్కరిచేతా చెప్పించి, ఆఖర్న అందరి పరువూ తీస్తా" అంది. చిన్నపిల్లలా అంత ఉత్సాహంగా తను మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఒక సాయంత్రం డీపీ మారింది. నల్లటి అట్ట మీద టార్చిలైటు వెలుగు, అందులో ఒక చెయ్యి. నేను చప్పట్ల బొమ్మ పెట్టి పిల్లలకు లెక్కలు చెప్పడానికి కూర్చున్నాను. వాళ్ళను పంపించి మళ్ళీ ఫోన్ చూసేసరికి డీపీలో చెయ్యీ లేదు, టార్చీ లేదు. కిటికీ ఊచల వెనక బురఖా వేసుకున్న ఆడమనిషి ఉంది. మార్చింది ఇంజినీరు గారు. కింద మెసేజీ కూడా పెట్టారు. "అందరికీ నమస్కారం. ఈ నెల మన గన్నవరం సోదరి వంతు. వారి జీవితాన్ని, ఆచారాలను తెలుసుకోవడానికి మనకు ఇదొక చక్కని అవకాశం. డిటెక్టివ్ పుస్తకాలు ఎప్పుడైనా చదువుకోవచ్చు. సోదరి సహృదయంతో అంగీకరిస్తారని ఆశిస్తున్నాను."

కింద వరసగా దండాలు, గులాబీలు. "మంచి ఆలోచన సార్." "ఎప్పటినుంచో తెలుసుకోవాలని ఉందండీ" అని పళ్ళ డాక్టరమ్మ. వాటి మధ్యలో గన్నవరం అమ్మాయిది ఒక్కటే మాట: "సరేనండీ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే ఇంజినీరు గారికి ఫోన్ చేశాను.

"వంతు తనదైతే పుస్తకం మీరు మార్చడమేంటండీ?"

"అయ్యో, తప్పేముందమ్మా? వాళ్ళ గురించి మనకేం తెలుసు చెప్పు. ఆవిడ మన గ్రూపులో ఉండటం మన అదృష్టం. అలాంటిది ఆ డిటెక్టివ్ చెత్త పెట్టి మంచి ఛాన్సు పాడుచేసుకుంటోందని నా బాధ. గౌరవం ఇద్దామనేగా?"

"మీరు గుర్రాల పుస్తకం పెట్టినప్పుడు, అది తీసేసి మీవాళ్ళ ఆచారాల పుస్తకం పెట్టండి, తెలుసుకుంటాం అని మేం అన్నామా?"

"అది వేరమ్మా."

"ఎలా వేరు?"

"నీకు కోపమెక్కువ తల్లీ. కాస్త కాఫీ తాగి ఆలోచించు" అని నవ్వి పెట్టేశారు.

కోపమెక్కువట! కాఫీ తాగాలట! తాగాను. తాగినకొద్దీ ఇంకా మండింది. మామిడితోటలాయన్ను, మీరు రైతు కదా, రైతుల కష్టాల నవల పెట్టండి అని ఎవరూ అడగలేదు. ఆయన తన చేతిలో గీతలు చూసుకుంటానంటే అందరం చేతులు చాపి కూర్చున్నాం. డాక్టరమ్మను పళ్ళ గురించి పుస్తకం పెట్టమనలేదు. మా అందరికీ సరదాగా ఉండే హక్కు ఉంది. ఆ ఒక్క మనిషి మాత్రం ఎక్కడికి వెళ్ళినా తనవాళ్ళందర్నీ నెత్తిన పెట్టుకుని రావాలి, వచ్చి మాకు వివరించాలి. పైగా దానికి గౌరవమని పేరు.

తనకు ఫోన్ చేసి కేకలేశాను. "సరేనని ఎందుకన్నావు నువ్వు?"

"ఏమనమంటారక్కా? వద్దంటే, మీవాళ్ళ పుస్తకమే మీకు అక్కర్లేదా అంటారు. గట్టిగా అడిగితే, వీళ్ళింతేనంటారు." మళ్ళీ తనే చెప్పింది. "షాపులోనూ ఇంతేనక్కా. అద్దాలు పెట్టి చూస్తుంటే, మీలో అలాగటగా, మీలో ఇలాగటగా అని అడుగుతారు. అది బేరం కాబట్టి నవ్వి ఊరుకుంటా. ఇక్కడ పుస్తకాలే కదా, నేను చదివినదాని గురించి నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చనుకున్నా. ఇక్కడ కూడా అదే అయితే ఇంకెందుకక్కా, ఈ ఆదివారం తర్వాత మానేస్తా."

నెలంతా నేను కూడా ఆ పుస్తకం ముట్టుకోలేదు. పుస్తకం ఏ పాపం చేసిందో తెలియదు గానీ, ఆ అట్ట చూస్తేనే కోపం వచ్చేది.

ఆదివారం అందరూ వచ్చారు. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. ఇంజినీరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురు మొదటి అధ్యాయం గురించి అవే మాటలు తిప్పి తిప్పి చెప్పారు. అంతకు మించి ఎవరూ చదవలేదని ట్యూషన్ పిల్లలకు కూడా అర్థమయ్యేది. తర్వాత డాక్టరమ్మ ముందుకు వంగి అడిగింది. "మీ ఇంట్లో కూడా ఇలాగే ఉంటుందాండీ? మీవారు మిమ్మల్ని ఒక్కర్నీ బయటికి పంపుతారా?"

ఇన్నేళ్ళుగా భర్తతో పాటు షాపులో కూర్చునే మనిషిని అడిగిన ప్రశ్న అది.

"సోదరి వివరిస్తారు" అన్నారు ఇంజినీరు గారు.

తను మైకు ఆన్ చేసింది. "నేనీ పుస్తకం చదవలేదండీ" అంది, చాలా మామూలుగా.

డాక్టరమ్మ వెనక్కి జరిగింది. తనే మళ్ళీ అంది.

"ఇది మీరు ఎంచుకున్న పుస్తకం కదండీ. మీరు చెప్తే విందామని వచ్చాను. నా వంతు వచ్చినప్పుడు నా పుస్తకం గురించి నేను చెప్తాను."

ఇంజినీరు గారు నవ్వబోయారు. "అదేంటమ్మా, అంతా మీ జీవితమే కదా? చెప్పడానికి నువ్వు చదవడమెందుకు?"

ఇక నావల్ల కాలేదు. మైకు ఆన్ చేసి అరిచాను. నా గొంతుకు వంటింట్లోంచి మావారు పరిగెత్తుకొచ్చారు. "ఇంజినీరు గారూ, శివారు భూమికి నీళ్ళ వంతు ఇచ్చి, ఏ పైరు వేసుకోవాలో కూడా మీరే చెప్పారా ఎప్పుడైనా? మీ సర్వీసంతటిలో ఒక్క రైతుకైనా చెప్పారా?"

ఆయన చొక్కా కాలరు సర్దుకున్నారు. మైలవరం ఆయన మాత్రం పెద్దగా నవ్వేశాడు. "చెప్తే రైతు ఊరుకుంటాడేంటండీ? లాకుల దగ్గరే నిలదీస్తాడు." నవ్వు ఆపి, కాస్త తల గోక్కుని అన్నాడు. "తప్పే సారూ. నేనూ దండం బొమ్మ పెట్టినోణ్ణే. ఆ అమ్మాయి వంతు ఆ అమ్మాయికి ఇచ్చేయండి."

డాక్టరమ్మ, సిగ్నల్ సరిగా లేదంటూ వెళ్ళిపోయింది. ఇంకొందరు చెప్పకుండానే మాయమయ్యారు. ఇంజినీరు గారు చివరికి "సరే, అలాగే కానివ్వండి" అన్నారు. క్షమించమని మాత్రం అనలేదు. అనరు కూడా.

తర్వాతి నెల డిటెక్టివ్ నవల చదివాం, తను వద్దన్న ఆఖరి అధ్యాయం తప్ప. నాకు ఆ బాపతు పుస్తకాలు పెద్దగా పడవు. అయినా పంతం కొద్దీ మొదలుపెట్టి, కుక్కరు విజిల్స్ లెక్క తప్పేంతగా చదివాను. మీటింగుకు వచ్చినవాళ్ళు తక్కువ. ఆదివారం తర్వాత మానేస్తానన్న మనిషి మాత్రం అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. ఒక్కొక్కరి చేతా హంతకుడి పేరు చెప్పించింది. నేను వంటామె అన్నాను. మైలవరం ఆయన స్టేషన్ మాస్టరన్నాడు, తోట మీద ఒట్టు వేసి మరీ చెప్పాడు. తను అనుకున్నట్టే అందరి పరువూ తీసింది.

ఇంజినీరు గారు అప్పటిదాకా కెమెరా ఆపేసుకుని కూర్చున్నారు. లేచి వెళ్ళిపోయారేమో అనుకున్నాను. ఉన్నట్టుండి ఆయన గొంతు వినిపించింది. "అవునుగానీ అమ్మా, ఆ కాంపౌండరు అబద్ధమాడుతున్నాడని నీకు ఎక్కడ అనుమానం వచ్చింది? నేను వెనక్కి వెళ్ళి రెండోసారి చదివినా పట్టుకోలేకపోయాను."

తన మొహమంతా నవ్వు పరుచుకుంది. "మందు సీసా దగ్గరండీ! వాడు సీసా రంగు చెప్పాడు చూడండి, ఆ గదిలో అప్పటికి కరెంటు లేదు కదా..." అని మొదలుపెట్టి, మధ్యలో షాపుకు ఎవరో వస్తే "కాస్త కూర్చోండి" అని వాళ్ళను కూర్చోబెట్టి మరీ చెప్తూనే ఉంది. ఆ రోజు ఇంజినీరు గారు ఎవరికీ టైము చూపించలేదు.

ఇప్పుడు నీ కోపం తగ్గిందా అని మావారు అడిగారు. ఎందుకు తగ్గుతుంది? ఆ అమ్మాయి ఈ గ్రూపులో చేరి ఇన్నాళ్ళయింది. ఇన్ని పుస్తకాలు చదివి వచ్చి మా ముందు కూర్చుంది. పుస్తకం గురించి తనను ఒకరు ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి.