కేబుల్ కొసన చూడమన్న సారు

మా సారు పోయారు. ఆ కబురు నాకు చెప్పింది అమీర్‌పేటలో ఆయన షాపు కింద చాయ్ అమ్మే భాయ్. "సార్ పొద్దున పోయిండు మేడం. నిన్న సుత నా దగ్గరనే చాయ్ తాగిండు" అన్నాడు. సనత్‌నగర్ ఫ్యాక్టరీలో టెస్ట్ బెంచీ ముందు ఉన్నాను నేను. ఫోన్ పెట్టేసి, కుర్చీలో కూలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాను.

సాఫ్ట్‌వేర్ కోచింగ్ బోర్డుల మధ్య ఆయన బోర్డు మీరు వెతికినా కనబడేది కాదు. రెండో అంతస్తులో ఒక్క గది. పంజాగుట్టలోని ఇంటి నుంచి రోజూ నడిచే వచ్చేవారు. ల్యాబుల్లో వాడే పరికరాలు, ముఖ్యంగా సిగ్నల్ జనరేటర్లు బాగుచేసేవారు. మనకు కావలసిన కొలతలో కరెంటు తరంగాన్ని తయారుచేసి ఇచ్చే పెట్టె అది. దాన్ని ఇంకో పరికరంలోకి పంపి, ఆ పరికరం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూస్తారు. చేతిలో డిప్లొమా ఉండి పని మాత్రం రాని నేను రెండేళ్లు ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఎవరైనా "జనరేటర్ పోయింది సార్" అంటూ ఆయాసపడుతూ మెట్లెక్కి వస్తే, "యాడికి పోయింది? నీ సంకలనే ఉన్నది గదా" అనేవారు. వెంటనే రెండో ప్రశ్న, "ఔట్‌పుట్ బటన్ నొక్కినవా?" సగం మంది నొక్కి ఉండేవారు కాదు! నొక్కినా స్విచ్ వేసిన అరగంట దాకా పెట్టెను ముట్టుకోనిచ్చేవారు కాదు. చల్లగా ఉన్నప్పుడు ఫ్రీక్వెన్సీ కాస్త అటూ ఇటూ జరుగుతుంది మరి. "జర వేడెక్కనీ. నిద్ర లేవంగనే నిన్ను ఎక్కాలడిగితే చెప్తవా?" అనేవారు. తొందరపడి వచ్చినవాళ్లు పళ్లు నూరుకుంటూ కూర్చునేవారు.

చెడిపోయిన కేబుల్ దొరికిందా, అక్కడికక్కడే దాన్ని కటింగ్ ప్లయర్‌తో రెండు ముక్కలు చేసేవారు. పైకి నిగనిగలాడే కేబుల్‌ను అలా కోస్తుంటే కస్టమర్ల ప్రాణం ఉసూరుమనేది. "పారేస్తనని చెప్పి డ్రాయర్ల పెడ్తవ్. నెలకు మళ్ల గదే తీస్తవ్" అని వాళ్ల నోరు మూయించేవారు. నిజమే, నా డ్రాయర్‌లోనూ అలాంటివి ఉండేవి. ఇవన్నీ అయ్యాకే స్క్రూడ్రైవర్ తీసేవారు.

మెచ్చుకోవడం మాత్రం ఆయనకు చేతకాదు. నేను ఎంత కష్టమైన పని చేసి చూపించినా, "సరే, బెంచీ తుడువు" అనేవారు. దానికి లోలోపల ఉడుక్కునేదాన్ని.

సనత్‌నగర్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనొక తప్పు చేశాను. మేము మైకు సెట్లకు యాంప్లిఫయర్ బోర్డులు చేస్తాం. ఒక శనివారం ఒక లాట్ బోర్డులు మొత్తానికి రిజెక్ట్ ముద్ర వేసి సంతకం పెట్టాను. జనరేటర్ నుంచి ఒక వోల్టు పంపితే ప్రతి బోర్డులోనూ శబ్దం పగిలిపోతోంది. మేనేజర్ ఆ లాట్‌కు టంకం వేసిన అక్కను పిలిచి, అందరి ముందే సోమవారం నుంచి రావద్దన్నారు. ఇద్దరు పిల్లలతో ఆ జీతం మీదే బతుకుతున్న మనిషి. ఆమె టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది.

నేనేమో ఇంత పెద్ద లోపం పట్టుకున్నానని గొప్ప చెప్పుకోవడానికి సారుకు ఫోన్ చేసి, అక్క సంగతి కూడా చెప్పాను.

"లాట్ మొత్తం ఒక్క తీరుగనే తప్పున్నదా?" అని అడిగారు.

"అవును సార్, అన్నీ ఒకేలా."

"మనిషి చేతి తప్పు గట్ల ఉండదు బిడ్డా. తీరుకొకటి ఉంటది. కేబుల్ కొసన ఎంతొస్తుందో కొలిచి చూసినవా?"

"జనరేటర్ తెర మీద ఒక వోల్టే ఉంది కదండీ" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. ముప్పావు గంటలో మా ఫ్యాక్టరీ ముందు ఆటో దిగారు.

నా జనరేటర్ కేబుల్‌ను బోర్డు నుంచి తీసి, వచ్చే తరంగం ఎన్ని వోల్టులో గీసి చూపే స్కోపుకు పెట్టారు. రెండు వోల్టులు! అవతలి లోడు ఎలాంటిదో జనరేటర్‌కు ముందుగా చెప్పే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. అది యాభై ఓమ్‌ల మీద ఉంది. మా బోర్డుల లోడు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఓమ్‌లది. అందుకే తెర ఒక వోల్టు చూపిస్తుంటే బోర్డులోకి దానికి రెట్టింపు పోతోంది. తెరను నమ్మి, కొలవకుండా, ఒక మనిషి ఉద్యోగం తీసేశాను.

"మేనేజర్‌కి ఒక్కరికే చెప్తాను సార్" అని గొణిగాను.

"ఆమెను అందరి ముందల పొమ్మన్నరు. నువ్వు సుత అందరి ముందలనే చెప్పాలె."

చెప్పాను. జీతం లెక్క కోసం ఆగి ఉన్న అక్కతో సహా లైన్ మొత్తం పని ఆపి వింటుండగా, తప్పు బోర్డులది కాదు, అక్కది కాదు, నాది అన్నాను. మేనేజర్ లాట్‌ను మళ్లీ టెస్ట్ చేయించారు, అక్కను ఉండమన్నారు. బయటికొచ్చాక సారు "చాయ్ తాగుదాం పా" అన్నారు. అంతే, ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. నా వల్ల ఆయన పరువు పోయిందని, తన దగ్గర నేర్చుకున్న పిల్ల ఇలా చేసిందని నలుగురిలో తలవంచుకున్నారని ఇన్నేళ్లూ నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది. అడిగే ధైర్యం రాలేదు. ఇక అడగడానికి ఆయన లేరు.

పదో రోజు పంజాగుట్టలో వాళ్లింటికి వెళ్తుంటే అక్క కూడా వస్తానంది. దండ వేసిన ఫొటోను చాలాసేపు చూసింది. నేను ఉండబట్టలేక, "ఆ రోజు సార్‌కి నా వల్ల తలకొట్టేసినట్టయింది అక్కా" అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసింది.

"నువ్వు నేల చూసుకుంట చెప్పినవ్, నీకేం కనబడ్డది? నాకు నీ మీద మస్తు కోపమున్నది గా రోజు. గా సారు మొఖం చూసి ఊకున్న. నీ ఎనక నిలబడి, మా బిడ్డను చూడుండ్రి అన్నట్టు మా అందరి దిక్కు చూస్తుండు. కళ్లద్దాలు తీసి తుడుసుకున్నడు, పెట్టుకున్నడు, మళ్ల తీసిండు."